మూడో రాజ్యలక్ష్మి

సోమవారం

రాసుకో. అప్పగింత లాగ్, మొదటి రోజు. సీరియల్ 'ఏడుగదుల ఇల్లు'. పాత్ర రాజ్యలక్ష్మి. అప్పగిస్తున్న నటి కనకవల్లి, పుచ్చుకుంటున్న నటి నీలవేణి. పాత్ర మనసు ఇవాళ ఎలా ఉంది అని అడుగుతున్నావు కదా, ఒళ్ళు మండిపోతోంది అని రాసుకో. అది పాత్రది కాదు, నాది అంటావేమో. ఇన్నేళ్ళ తర్వాత ఏది ఎవరిదో నాకే తెలీదు, మెషీన్‌వి నీకేం తెలుస్తుంది?

పొద్దున్న మేకప్ గదిలో మొహానికి పట్టీలు అంటించుకుంటున్నాను. నుదుటి మీద, దవడల కింద, గడ్డం మీద. ఈ ఎండలకి వాటి కింద చెమట పట్టి చర్మం దద్దుర్లెక్కుతుంది. అయినా తప్పదు. అవి పెట్టుకుంటేనే కెమెరాలో నా మొహం పోయి అరవింద మొహం వస్తుంది. రాజ్యలక్ష్మిగా మొదట వేసింది అరవింద. మానేసి వెళ్తూ తన మొహాన్ని కంపెనీకి రాసిచ్చింది. ఆమె తర్వాత ఇంకొకామె, ఆ తర్వాత నేను. జనానికి మాత్రం రాజ్యం ఒక్కతే, ముప్పై దాటని మొహంతో, నిగనిగలాడుతూ. నేను రాజ్యాన్నని బయట ఎవరికైనా చెప్తే ఒప్పందం తప్పినట్టు.

కథా విభాగం పెద్ద ప్రభంజన్ వచ్చి అద్దంలోంచి నన్ను చూస్తూ నిలబడ్డాడు.

"మేడమ్, మీ మోకాళ్ళు" అన్నాడు.

"నా మోకాళ్ళకి ఏమైంది?"

"మెట్లు దిగుతుంటే వయసు తెలిసిపోతోంది. మొహం మార్చగలం గానీ నడక మార్చలేం కదా. కొత్తమ్మాయిని తీసుకున్నాం. వచ్చే సోమవారం నుంచి తను. ఈ వారం మీరు తయారుచేయండి. ఆదివారం లైవ్ మీ ఆఖరిది."

కనీసం కూర్చుని చెప్పలేదు. చేతిలో మజ్జిగ ప్యాకెట్ ఉంది, నాతో మాట్లాడుతూనే దాని మూల కొరికి తాగాడు.

మంగళవారం

నీలవేణి వచ్చింది. పాలకొల్లు పిల్ల. సన్నగా, పొడుగ్గా ఉంది, ఇరవై దాటి ఎంతో కాలేదు. వస్తూనే నా కాళ్ళకి దణ్ణం పెట్టింది. వద్దన్నాను, కాస్త గట్టిగానే అన్నాను. ఆ పిల్ల చేసిన తప్పేం లేదని తెలుసు. తెలిసినా గొంతు మెత్తబడలేదు.

ఎండ షిఫ్టు కదా, తొమ్మిదిన్నరకల్లా షూటింగ్ ఆపేసి షెడ్డు తలుపులు మూసేస్తారు. ఆ తర్వాత సాయంత్రం దాకా రోడ్డు మీదికి ఎవరూ వెళ్ళకూడదు. ఆ ఖాళీలో నడక నేర్పాను. నాకంటే బాగా నడిచింది. కోపం నేర్పుదామని చూస్తే మాత్రం రాలేదు. కళ్ళు పెద్దవి చేసి అరుస్తోంది.

"అరవకు" అన్నాను. "రాజ్యానికి కోపం వచ్చినప్పుడు గొంతు దిగుతుంది."

"మొదట్లో బాగా ఏడ్చేది కదా మేడమ్? మా అమ్మ పాత భాగాలు పెట్టుకుని చూస్తుంది. అందులో భర్త కొట్టినా తులసికోట దగ్గర కూర్చుని ఏడ్చేదే గానీ ఒక్క మాట అనేది కాదు."

"అది అరవింద రాజ్యం."

"మరి మారిందెప్పుడు?"

చెప్పాను. నేను చేరిన కొత్తలో నాక్కూడా ఏడవమనే రాసిచ్చారు. అప్పట్లో మనుషులే రాసేవాళ్ళు. ఒకాయన్ని బతిమాలి, ఒక్కసారి ఎదురు మాట అననివ్వండి అన్నాను. రాజ్యం భర్త చక్రధర్‌తో "చెయ్యి దించు" అంది. అంతే, ఆ రెండు మాటలే. ఆ వారం ఉత్తరాలు కుప్పపడ్డాయి. ఆ తర్వాత రాజ్యం లారీ నడపడం నేర్చుకుంది. ఇల్లు వదిలింది. సొంతంగా లారీలు కొని తిప్పుతోంది. ఒక్కో మెట్టూ నేను పోట్లాడి ఎక్కించాను. ఈ రాజ్యాన్ని అరవింద చూస్తే గుర్తుపట్టదు.

నీలవేణి అంతా విని, "నేను దీన్ని పాడు చేస్తానని మీకు భయంగా ఉందా?" అంది.

"ఉంది" అన్నాను. అబద్ధం ఎందుకు?

బుధవారం

ఇవాళ పలకరింపు గదిలో కూర్చున్నాను. నీలవేణి కూడా పక్కన ఉంది, తనకీ ఈ పని అప్పగించాలి కదా.

ఇళ్ళల్లో గోడ టీవీలు వచ్చాక సీరియల్ అయిపోయినా రాజ్యం వెళ్ళిపోదు. పేరు పెట్టి పిలిస్తే వస్తుంది, మాట్లాడుతుంది. కూరలో ఉప్పెక్కువైందన్నా, పిల్లకి జ్వరమొచ్చిందన్నా వింటుంది. మామూలు మాటలకి మెషీనే నా గొంతుతో జవాబిస్తుంది. ఎవరైనా ఏడుస్తుంటే మాత్రం ఆ పిలుపు నా దగ్గరికి రావాలని నియమం. నేనే పోట్లాడి పెట్టించిన నియమం అది.

పొద్దుట్నుంచి ఒక్క పిలుపూ రాలేదు. పోయిన వారం కూడా పెద్దగా రాలేదు. ముఖ్యంగా యాకమ్మ రాలేదు.

యాకమ్మది దోర్నకల్ దగ్గర ఊరు. ఎండాకాలం వచ్చిందంటే ఎండెక్కగానే పలకరించేది. మొగుడు కొట్టే దెబ్బలకి ఒకసారి చెవి పోయింది. రాజ్యం ఇల్లు వదిలిన భాగం చూసిన మర్నాడు, బిడ్డని చంకనేసుకుని తనూ వచ్చేసింది. సోలార్ పలకలు కడిగే షెడ్డులో పనికి కుదిరింది. "రాజ్యమక్కా, ఇయ్యాల నా బిడ్డ బడికి పోయింది" అని చెప్పడానికే పిలిచేది. నెల క్రితం చివరిసారి మాట్లాడినప్పుడు, మొగుడు పెద్దమనుషుల్ని తీసుకొచ్చాడని ఏడ్చింది. వెళ్ళొద్దన్నాను. ఆ తర్వాత మాట లేదు.

ప్రభంజన్‌ని అడిగాను, ఈ పిలుపులన్నీ ఎటు పోతున్నాయని.

"అవసరం తగ్గింది మేడమ్. కొత్త పద్ధతి పరీక్షిస్తున్నాం."

"ఏం పద్ధతి?"

కొంచెం ఇబ్బందిపడి, తర్వాత ఉత్సాహంగా చెప్పాడు. రాజ్యాన్ని వెనక్కి తీసుకెళ్తున్నారట. ఆదివారం లైవ్‌లో ఆమె ఆసుపత్రి మంచం మీద కళ్ళు తెరుస్తుంది. తలకి దెబ్బ. లారీలు గుర్తులేవు, ఇల్లు వదలడం గుర్తులేదు. మళ్ళీ మొదటి రోజుల కోడలే. చక్రధర్ కాళ్ళ మీద పడి "నన్ను ఇంటికి తీసుకెళ్ళండి" అంటుంది. చూసేవాళ్ళ గుండె ఏడుపు దగ్గరే ఎక్కువ వేగంగా కొట్టుకుంటోందని గోడ టీవీలు తీసే లెక్కల్లో తేలిందట. గోడ మీది రాజ్యాన్ని ముందునుంచే కొంచెం కొంచెంగా మార్చుకుంటూ వస్తున్నారట, ఒక్కసారిగా మారిస్తే అనుమానమొస్తుందని.

"యాకమ్మతో ఏం చెప్పింది?" అన్నాను.

"ఎవరు?"

"దోర్నకల్ యాకమ్మ. వినిపించండి."

వినిపించాడు. అందులో గొప్ప రహస్యం ఏముందన్నట్టు వినిపించాడు. నా గొంతు. నేను చిన్నప్పటి నుంచి మోస్తున్న నా సొంత గొంతు. "సర్దుకుపో చెల్లీ. మగవాడికి కోపం వస్తుంది, పోతుంది. బిడ్డకి తండ్రి కావాలి కదా. ఇంటికి వెళ్ళు." తర్వాత యాకమ్మ గొంతు, చాలా చిన్నగా: "నువ్వే చెప్తున్నవా అక్కా?" మళ్ళీ నా గొంతు: "నేనే చెప్తున్నాను."

గోడకున్న టీవీని అక్కడున్న ఇత్తడి కుందితో కొట్టాను. పగిలింది. నీలవేణి నా భుజం పట్టుకుంది. ప్రభంజన్ వెనక్కి జరిగి, "ఇది సీరియల్ అని వాళ్ళకి తెలుసు మేడమ్" అన్నాడు.

వాళ్ళకి తెలుసట! తెలిస్తే ఆ పిల్ల నువ్వేనా అని ఎందుకడుగుతుంది?

శుక్రవారం

ఇవాళ షూటింగ్‌కి వెళ్ళలేదు. ఎక్కడికెళ్ళానని అడుగుతారు కాబట్టి నేనే చెప్తున్నాను, రాసుకో. తెల్లవారుజాము రైలెక్కి దోర్నకల్ వెళ్ళాను. కిటికీలకి రేకులు దించేసిన రైలు. ఊరు కనపడదు, వేడి మాత్రం తెలుస్తుంది.

పలకలు కడిగే షెడ్డులో ఆడవాళ్ళు పని ముగించి పైపులు చుట్టుకుంటున్నారు. యాకమ్మ ఏదంటే, "మొగనింటికి పోయింది" అన్నారు. ఇల్లు చూపించారు.

తలుపు తీసిన మనిషి నేను ఊహించుకున్నదానికంటే పొట్టిగా ఉంది. ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది. లోపల పిల్ల నేల మీద పడుకుని ఉంది.

"ఎవలు నువ్వు?"

"యాకమ్మా, నేను రాజ్యాన్ని."

నన్ను కిందనుంచి పైదాకా చూసింది. నెరిసిన జుట్టు, దద్దుర్ల మొహం, చెమటకి అంటుకుపోయిన చీర.

"రాజ్యమక్క గిట్లుండది" అంది.

"ఆ మొహం వేరే ఆవిడది. మాట్లాడేది నేను. నా గొంతు విను."

"గొంతులెవలైనా పెట్టుకుంటున్రు ఇప్పుడు. నా మొగడు అంపిండా నిన్ను?"

చెవి సంగతి చెప్పాను. బిడ్డ బడి సంగతి చెప్పాను. ఏడ్చినప్పుడు తను అన్న మాటలు చెప్పాను. గోడకి కూడా ఇవన్నీ తెలుసు అంది. నిజమే. నేను నేనేనని రుజువు చేసుకోవడానికి నా దగ్గర ఏమీ లేదని ఆ గుమ్మంలో నిలబడి తెలుసుకున్నాను. నా పేరు, మొహం, మాట, ఏదీ నాది కాకుండా చేశారు.

"సరే, నన్ను నమ్మకు" అన్నాను. "కానీ ఇంటికి వెళ్ళమన్నది నేను కాదు. వద్దన్నదాన్ని నేను."

అప్పుడామె మొహం మారింది. ఒక కన్నుతోనే చూస్తోంది, కానీ ఆ చూపుకి నేను వెనక్కి తగ్గాను.

"అంటే ఏందక్కా? నువ్వు పొమ్మంటే పోయిన. రమ్మంటే వచ్చిన. నడుమ ఈ దెబ్బలు ఎవలు తిన్నరు? మీకు ఆటనా ఇది? ఆడ ఏసీల కూసోని ఒకరోజు ఒక తీరు, ఇంకోరోజు ఇంకో తీరు చెప్తరు. నేను పిచ్చిదాన్ననుకున్నరా?"

"కాదు..."

"మాట్లాడకు! నా ముంగట నువ్వు మాట్లాడకు."

 నా నంబరు చీటీ మీద రాసి ఇచ్చాను. అందులో నా అసలు పేరు రాశాను. ఒప్పందం తప్పాను, ఇది కూడా రాసుకో. ఆమె ఆ చీటీని నలిపి గుప్పిట్లో పెట్టుకుని తలుపేసింది. పారేసిందో లేదో తెలీదు.

వెనక్కి వచ్చే రైల్లో నాకు ప్రభంజన్ మీద కోపం, కంపెనీ మీద కోపం, మొహం అమ్ముకుని వెళ్ళిన అరవింద మీద కోపం. అన్నిటికంటే ఎక్కువగా, ఆమె తిన్న దెబ్బల్లో నా గొంతుకీ పాలు ఉందన్న కోపం.

శనివారం

రేపటి సీన్ చేయనని చెప్పాను.

ప్రభంజన్ ఈసారి కూర్చున్నాడు. "చేయకపోతే నీలవేణి చేస్తుంది. ఆ మొహం వాడే లైసెన్సు తనకి సోమవారం వస్తుంది గానీ ఒక్క రోజుకి ఎవరు చూస్తారు? పట్టీలు పెడితే మీరైనా తనైనా ఒకే మొహం, మీ గొంతు మెషీన్ పెడుతుంది. మీరు మానేశారని కూడా ఎవరికీ తెలీదు."

అది నిజం. కాబట్టే ఇంత ధైర్యంగా మాట్లాడుతున్నాడు.

"రాజ్యాన్ని అంత దూరం తీసుకొచ్చి మళ్ళీ మొదటికి ఎలా తోస్తారు?"

"పాత్ర ఎదిగింది, ఒప్పుకుంటాను. ఎదిగిపోయాక ఇంకేం చేస్తుంది? చూసేవాళ్ళకి విసుగు. మళ్ళీ మొదలుపెడితే ఇంకో ఇరవయ్యేళ్ళు లాగొచ్చు. పాత్ర కదా మేడమ్, మర్చిపొమ్మంటే మర్చిపోతుంది."

ఆ మాట దగ్గర నేను పోట్లాట ఆపేశాను. "సరే, చేస్తాను" అన్నాను. ఆయన అనుమానంగా చూశాడు గానీ అడగలేదు. గెలిచానన్న తొందరలో ఉన్నాడు.

మర్చిపొమ్మంటే మర్చిపోతుందా? నా మోకాలు ఏ మెట్టు దగ్గర నొప్పెడుతుందో దానికి గుర్తుంది. కుక్క కరిచిన సందు దగ్గరికొస్తే, కరిచిన సంగతి మర్చిపోయినవాడి కాలు కూడా ఆగుతుంది. వీళ్ళు తలలోది తుడిచేస్తే అంతా పోయిందనుకుంటున్నారు.

ఇది నీకు చెప్పకూడదేమో. చెప్పేశాను. ఈ లాగ్ ఎవరూ వినరని నాకు తెలుసు. విన్నవాళ్ళు ఉంటే ఈపాటికి నన్ను గేటు బయట పెట్టేవాళ్ళు.

ఆదివారం

జరిగింది జరిగినట్టు చెప్తాను. మధ్యలో ఎవరైనా వచ్చి ఆపొచ్చు.

ఆదివారం భాగం లైవ్. మెషీన్ చేసిన బొమ్మల్ని జనం నమ్మడం మానేశాక లైవ్‌కే విలువ. తెర మూల మీద ప్రభుత్వ ముద్ర పడుతుంది, ఇది ఇప్పుడే జరుగుతోందని. ముద్ర సమయానికే గానీ మొహానికి కాదు, అది వేరే సంగతి.

మంచం మీద పడుకున్నాను. నీలవేణి కూడా పట్టీలు పెట్టుకుని తెర వెనకాల నిలబడింది. నాకు ఏమైనా అయితే తను రావాలని ఏర్పాటు. చక్రధర్ వేషం వేసే సుదర్శనం గారు మంచం దగ్గరికొచ్చి, "రాజ్యం, నేను, నీ భర్తని" అన్నారు. ఇప్పుడు నేను లేచి కాళ్ళ మీద పడాలి.

లేచాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేయబోయారు. నా శరీరం గోడ వైపు ముడుచుకుపోయింది. అది నటనో కాదో నాకే తెలీదు. నా కళ్ళ ముందు వాచిపోయిన ఆ కన్ను ఉంది.

"మీరెవరో నాకు గుర్తులేదు" అన్నాను. "నా పేరు కూడా గుర్తులేదు. కానీ మీ చెయ్యి పైకి లేవగానే నా చెవి ఎందుకు మూసుకుంటున్నాను? చూడండి, నా చెయ్యి దానంతటదే వెళ్ళింది. తల మర్చిపోయింది, ఒళ్ళు మర్చిపోలేదు. మీరు నన్ను కొట్టేవారు, కదూ?"

సుదర్శనం గారు పాపం మంచి మనిషి. ఏం చేయాలో తెలీక నిజంగానే చెయ్యి దించేశారు. చెవిలో ప్రభంజన్ అరుస్తున్నాడు, కాళ్ళ మీద పడమని. నేను పడలేదు. వెంటనే ప్రకటనలకి వెళ్ళిపోయారు.

ఇద్దరు వచ్చి నన్ను మంచం మీంచి లేపి వరండాలోకి తీసుకొచ్చారు. పట్టీలు పీకేస్తుంటే చర్మం ఊడొచ్చింది. ప్రభంజన్ నీలవేణిని మంచం మీద కూర్చోబెడుతున్నాడు. "కాళ్ళ మీద పడు, ఏడువు, క్షమించమను. మూడే మూడు పనులు. చేస్తే ఈ పాత్ర నీ జీవితాంతం నీది" అంటున్నాడు. ఆ పిల్ల తలూపింది.

వరండాలో ఉన్న తెరలో చూశాను. ప్రకటనలు అయిపోయాయి. మళ్ళీ అదే మంచం, అదే అరవింద మొహం. ఇందాకటి మనిషి వేరు, ఇప్పటి మనిషి వేరని ఈ రాష్ట్రంలో ఎవరికీ తెలీదు. రాజ్యం మంచం దిగింది. చక్రధర్ కాళ్ళ వైపు చూసింది. 

గొంతు దించింది. మొన్నటిదాకా రాని గొంతు.

"నర్సమ్మగారూ, ఈయన్ని బయటికి పంపండి" అంది. "నాకు గుర్తొచ్చేదాకా ఈయన నా గదిలోకి రాకూడదు. గుర్తొచ్చాక కూడా నేను పిలిస్తేనే రావాలి."

ప్రభంజన్ చేతిలోని మైకు నేలకేసి కొట్టాడు. నేను వరండాలో నిలబడి చప్పట్లు కొట్టాను, పిచ్చిదానిలా. నన్ను పట్టుకున్న ఇద్దరిలో ఒకతను కూడా కొట్టబోయి ఆగిపోయాడు.

గురువారం

ఇది కంపెనీ మెషీన్ కాదు, నా సొంత ఫోను. అక్కడ నా గుర్తింపు రద్దు చేశారు. అలవాటైపోయింది, చెప్పకపోతే తోచడం లేదు.

నీలవేణి ఫోన్ చేసింది. తనని తీసేయలేదట. ఆదివారం అందరి గుండెలూ ఎప్పుడూ లేనంతగా కొట్టుకున్నాయట. "ఒళ్ళు మర్చిపోదు" అన్న మాట ఇప్పుడు ప్రభంజన్ ఆలోచనగా ప్రచారంలో ఉందట. పైవాళ్ళు ఆయన్ని మెచ్చుకున్నారట. విని ఎంత తిట్టానో ఇక్కడ చెప్పను. నీలవేణి మాత్రం ఒక పని చేసింది. ఏడ్చేవాళ్ళ పిలుపులు తన దగ్గరికే రావాలని, మెషీన్ దగ్గర ఆగకూడదని, ఆగితే పట్టీలు పెట్టుకోనని చెప్పిందట. ఒప్పుకున్నారు. ఎన్నాళ్ళు ఒప్పుకుంటారో చూడాలి. తను నాలుగో రాజ్యలక్ష్మి. నేను వెళ్ళలేని చోటికి తీసుకెళ్తుందేమో.

తర్వాత, వంట చేసుకుంటుంటే తెలియని నంబరు నుంచి ఫోను.

"కనకవల్లి అంటే నువ్వేనా?"

గొంతు వినగానే పొయ్యి కట్టేశాను. "నేనే."

"యాకమ్మను. నీకేదో చెప్పుకుందామని చెయ్యలే. గోడ టీవీ పీకేసిన. మంగళవారం నాడు నా బిడ్డను తీస్కొని షెడ్డుకాడికొచ్చిన. పోలీసోళ్ళ దగ్గర కాయితం గూడ పెట్టిన. నువ్వు చెప్పినవని కాదు, రాజ్యం చెప్పిందని కాదు. నాకు నేను వచ్చిన. రేపు నువ్వో ఇంకోదో మల్ల ఏదన్న చెప్తే నేను వినను. అది చెప్దామనే చేసిన."

"మంచిది" అన్నాను.  ఆమె కోపం వింటుంటే నాకు ఏడుపొచ్చింది. అది నేను నేర్పిన గొంతు కాదు. దించి మాట్లాడటం లేదు, గట్టిగా, షెడ్డంతా వినపడేలా మాట్లాడుతోంది.

పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు. వెనకాల నీళ్ళ చప్పుడు, ఎవరో నవ్వుతున్న చప్పుడు.

"ఒకటి అడుగుత" అంది. "నీకు పెండ్లయిందా?"

"లేదు."

"మరి నిన్నెవ్వరు కొట్టలే?"

"మొగుడు లేడు కదా."

"మొగడే కొడ్తడా ఏంది? ఆదివారం నాడు చూసిన నేను, మా పక్కింట్ల. చెవు మూసుకున్నది నువ్వే అని నాకెర్కైంది. ఆ మొహం ఉన్నామె కాదు, నువ్వే. అంత భయం, అంత కోపం ఉత్తగ రాదు. యాడ్నుంచొచ్చింది నీకు?"

ఇన్నేళ్ళుగా ఊరూరా ఆడవాళ్ళ కష్టాలు విన్నాను. నన్ను ఈ మాట ఎవరూ అడగలేదు. వాళ్ళు అడగడానికి, నాదంటూ ఒక మొహం వాళ్ళ ముందు లేదు కదా.

"చెప్తే చాలాసేపు పడుతుంది" అన్నాను.

"ఎండ దిగేదాంక నాకు పని లేదు. చెప్పు."

స్టూలు లాక్కుని కూర్చున్నాను. మా నాన్న పేరుతో మొదలుపెట్టాను.